రెండు స్వరాల్లో వచ్చే ఉత్తరం: సౌండ్‌కార్డే మోడెం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ప్యాకెట్ రిపీటరు (చిన్న డేటా సందేశాలను అందుకుని తిరిగి ప్రసారం చేసే రేడియో) పనిచేస్తున్న రోజుల్లో, ఆ కేంద్రం మన ఆకాశం మీదుగా సాగే పది నిమిషాల లోపు వ్యవధిలో 145.825 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్.ఎం. రిసీవరు పెట్టి వింటే, హోరు మధ్యలో అప్పుడప్పుడు అర సెకను నిడివి గల గరగర శబ్దం వినబడుతుంది. చెవికి అందులో అర్థమేమీ తోచదు. కాని పంపినవారి కాల్‌సైన్ (రేడియో గుర్తింపు పేరు), చేరవలసినవారి కాల్‌సైన్, ఒక చిన్న సందేశం, ఆ సందేశం దారిలో చెడిపోయిందో లేదో తేల్చే లెక్క, అన్నీ ఆ గరగరలోనే ఉంటాయి. వాటిని బయటికి తీయడానికి ఒకప్పుడు ప్రత్యేకమైన పెట్టె కావలసి వచ్చేది. ఇప్పుడు పాటలు వినడానికి వాడే కంప్యూటరు సౌండ్‌కార్డే ఆ పని చేస్తుంది, అంటే డేటాను స్వరాలుగా, స్వరాలను డేటాగా మార్చే మోడెం అవుతుంది.

హామ్‌లు, అంటే లైసెన్సుతో రేడియోను అభిరుచిగా నడిపేవారు, ప్యాకెట్ రేడియో (సందేశాన్ని చిన్న కట్టలుగా పంపే పద్ధతి) ప్రయోగాలను 1978లో కెనడాలోని మాంట్రియల్‌లో మొదలుపెట్టారు. 1980లలో అమెరికాలోని టూసాన్ నగరపు హామ్‌ల సంఘం రూపొందించిన టి.ఎన్.సి. అనే పెట్టె ప్రపంచమంతా వ్యాపించింది. అందులో స్వరాలను పుట్టించే చిప్పు ఒకటి, వాటిని గుర్తించే చిప్పు మరొకటి, ఫ్రేములను (ఒక్కో సందేశపు కట్టను ఫ్రేము అంటారు) కూర్చే చిన్న ప్రాసెసరు ఒకటి ఉండేవి. ఆ స్వరాలు మాత్రం హామ్‌లు కొత్తగా ఎంచుకున్నవి కావు. టెలిఫోను తీగల మీద డేటా పంపడానికి అమెరికాలో స్థిరపడిన బెల్ 202 అనే పద్ధతి నుంచి 1200 హెర్ట్జ్, 2200 హెర్ట్జ్ స్వరాలను యథాతథంగా తీసుకున్నారు. ఆ రెండూ మనిషి గొంతు పలికే పరిధిలోనే ఉన్నందువల్ల, మాట కోసం తయారైన ఏ వాకీటాకీ అయినా వాటిని మోయగలదు. సౌండ్‌కార్డు ఈ రంగంలోకి ప్రవేశించగలిగిందీ ఈ కారణం చేతనే.

సెకనుకు 1200 బిట్లు వెళతాయి. ఒక స్వరానికి ఒకటి, మరో స్వరానికి సున్నా అని ఇక్కడ అర్థం లేదు. స్వరం మారితే సున్నా, మారకుండా నిలిస్తే ఒకటి. అందువల్ల ఏది పై స్వరమో ఏది కింది స్వరమో తారుమారైనా సందేశం చెడదు. కాని ఒకట్లు వరుసగా వస్తూ పోతే స్వరం మారకుండా సాగిపోతుంది, ఒక బిట్ ఎక్కడ ముగిసిందో వినేవారి గడియారానికి తెలియకుండా పోతుంది. అందుకే అయిదు ఒకట్లు వరుసగా వచ్చిన ప్రతిసారీ పంపేవారు ఒక సున్నాను చొప్పిస్తారు, అందుకునేవారు దాన్ని తీసివేస్తారు. ఆరు ఒకట్లు వరుసగా వచ్చే 01111110 అనే గుర్తు ఫ్రేము మొదటా చివరా తప్ప మరెక్కడా రాకుండా ఇదే ఏర్పాటు కాపాడుతుంది. ఒకే చిన్న నియమంతో గడియారాన్నీ సరిహద్దునూ రెండింటినీ సాధించిన ఈ పొదుపు నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందం కలిగిస్తుంది.

సౌండ్‌కార్డు సెకనుకు 48,000 సార్లు శబ్దపు ఎత్తును కొలిచిందనుకుంటే, ఒక్కో బిట్‌కు 40 కొలతలు దొరుకుతాయి. ప్రోగ్రాము ఆ కొలతలను తన దగ్గరున్న 1200 హెర్ట్జ్ తరంగంతోను, 2200 హెర్ట్జ్ తరంగంతోను విడివిడిగా గుణించి కూడుతుంది. వచ్చిన శబ్దం ఏ తరంగంతో శ్రుతి కలిస్తే ఆ మొత్తం పెరుగుతుంది, రెండో మొత్తం సున్నా వైపు జారుతుంది. ఏది పెద్దదో చూడడమే మిగిలిన పని.

చెప్పినంత తేలికగా ఇది సాగకపోవడానికి ఎఫ్.ఎం. రేడియోల అలవాటు ఒకటి కారణం. హోరును తగ్గించడానికి అవి పంపేటప్పుడు హెచ్చు స్వరాలను పెంచి, అందుకునేటప్పుడు అంతే మేరకు తగ్గిస్తాయి. పంపినవారు పెంచకుండా పంపి, మన రేడియో స్పీకరు దారిలో తగ్గిస్తే, 2200 హెర్ట్జ్ స్వరం 1200 స్వరంతో పోలిస్తే సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. రెండు స్వరాల బలాన్నీ ఒకే తూకంతో తూచే పాత చిప్పులు ఇక్కడే తడబడేవి. డైర్ వుల్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాము ఒకే శబ్దాన్ని వేర్వేరు తూకాలతో ఏకకాలంలో వినగలదు. ఏ తూకంలో ఫ్రేము చివరనున్న 16 బిట్ల సరిచూపు లెక్క సరిపోతుందో దాన్నే స్వీకరిస్తుంది. పది చెవులు పెట్టుకోవడానికి పెట్టెలో చోటుండదు, ప్రోగ్రాములో ఉంటుంది. సౌండ్‌కార్డు మోడెం చవక కాబట్టి వాడుతున్నారని చాలామంది అనుకుంటారు, అది పాత పెట్టెకంటే బాగా వినగలదన్నది దానికన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే తీగలో చెడిపోయినదాన్ని ఏ లెక్కా బాగుచేయలేదు. సౌండ్‌కార్డు నుంచి రేడియో మైకు దారిలోకి వెళ్ళే శబ్దం మోతాదు మించితే తరంగాల శిఖరాలు తెగిపోతాయి. స్పీకరులో అది బలంగా, నిండుగా వినిపించడం వల్ల పంపేవారికి పొరపాటు తెలియదు, అవతల మాత్రం ఒక్క ఫ్రేము కూడా విడిపడదు. నేను నెలల తరబడి ప్రోగ్రాములు మార్చి చూసి, చివరికి శబ్దాన్ని సగానికి తగ్గించినప్పుడు మాత్రమే జవాబులు అందుకున్నాను. శబ్దాన్ని తనంతట తాను హెచ్చించే, హోరును అణిచే సదుపాయాలను ఆపివేయాలి. కంప్యూటరు గంటలూ హెచ్చరికలూ గాలిలోకి వెళ్ళకుండా రేడియోకు వేరే యూఎస్‌బీ సౌండ్‌కార్డు కేటాయించడం మంచిది. కంప్యూటరు, రేడియో భూతీగల తేడా వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్ శబ్దాన్ని దారిలో ఒక చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ఆపుతుంది.

ప్రసారం మొదలుపెట్టే మీట సంగతి కూడా చూడాలి. శబ్దం వినగానే తానే ప్రసారంలోకి వెళ్ళే రేడియోలు శబ్దం ఆగాక కూడా కాసేపు ప్రసారంలోనే ఉండిపోతాయి కాబట్టి, ఆ లోపల వచ్చిన జవాబు చేజారుతుంది. సీరియల్ పోర్టు తీగతో, లేదా కొన్ని యూఎస్‌బీ సౌండ్ చిప్పులలో ఉండే అదనపు పిన్నుతో, ఒక ట్రాన్సిస్టరు ద్వారా మీట నొక్కించడం మేలు. అప్పుడు కూడా బఫరులో, అంటే శబ్దం బయటికి వెళ్ళేముందు ఆగే చోట, ఉన్న చివరి కొలత బయటికి వెళ్ళేదాకా ప్రోగ్రాము మీటను వదలకూడదు, వదిలితే ఫ్రేము చివరనున్న సరిచూపు లెక్కే తెగిపోతుంది. మొదట్లోనూ ఇంతే జాగ్రత్త కావాలి. అవతలి రిసీవరు మేలుకునేందుకు దాదాపు 300 మిల్లీసెకన్ల పాటు సరిహద్దు గుర్తులనే పంపి, ఆ తరువాత అసలు మాట మొదలుపెడతారు.

ఫ్రేములో కాల్‌సైన్ అక్షరాలు ఒక బిట్ ఎడమకు జరిగి ఉంటాయి. మన దేశపు సాధారణ కాల్‌సైన్లకు మొదటిదైన ‘వి’ అనే ఇంగ్లీషు అక్షరం విలువ 86 కాగా, గాలిలో అది రెట్టింపై 172గా వెళుతుంది. సందేశం భాగానికి అలాంటి నిబంధన లేదు, ఏ బైటునైనా అది మోస్తుంది. యూనికోడ్‌ యూటీఎఫ్-8 రూపంలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి కాబట్టి, 256 బైట్ల సందేశం భాగంలో 85 తెలుగు గుర్తులు పడతాయి, దాదాపు రెండు సెకన్లలో చేరతాయి.

ప్రసారానికి హామ్ లైసెన్సు తప్పనిసరి. నేర్చుకోవడానికి మాత్రం ముందుగా రేడియో కూడా అవసరం లేదు. ఒక కంప్యూటరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి మరొకదాని మైకు రంధ్రానికి తీగ వేసి, శబ్దం బాగా తగ్గించి ఒక ఫ్రేము పంపి, అది అటువైపు తెరమీద అక్షరాలుగా కనిపించేదాకా మోతాదును కొద్దికొద్దిగా మార్చి చూడవచ్చు. ఆ తరువాత ఆ తీగ స్థానంలో రెండు రేడియోలు పెట్టి, మోతాదును మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోవాలి.