సైనిక విమాన మోడళ్లకు రంగులు, వెదరింగ్: అపోహలు – వాస్తవాలు

ప్లాస్టిక్ కిట్‌ను అతికించి విమానంగా నిలబెట్టడం ఒక ఎత్తు, దానికి రంగులు వేసి ఎండకూ వానకూ తట్టుకుని యుద్ధంలో ఎగిరిన యంత్రంలా కనిపించేట్టు చేయడం మరో ఎత్తు. ఈ రెండో పనినే మోడలర్లు వెదరింగ్ అంటారు. స్పాంజితో పెచ్చులు చూపించడం, వాష్‌తో (బాగా పలుచన చేసిన రంగుతో) గీతలు నింపడం, ఆయిల్ రంగులతో మరకలు సాగదీయడం వంటి పద్ధతులను వీడియోలు చూసి త్వరగానే నేర్చుకోవచ్చు. ఏ మరక ఎక్కడ పడాలో, ఎందుకు పడాలో మాత్రం ఆ వీడియోలు అరుదుగా చెబుతాయి. అందుకే మన వాళ్ల మోడళ్లలో చేతిపనిలోని లోపాల కంటే ఆలోచనలోని లోపాలే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. అసలు విమానాన్ని దేనితో తయారు చేశారు, దాన్ని ఎక్కడ నిలిపి ఉంచారు, దాని మీదికి ఎవరు ఎటువైపు నుంచి ఎక్కేవారు అన్న ప్రశ్నలు వేసుకోకుండా చేసే వెదరింగ్ నుంచే కింది అపోహల్లో చాలా వరకు పుట్టాయి.

అపోహ: రంగు పెచ్చులూడిన ప్రతిచోటా వెండి రంగు కనిపించాలి.

వాస్తవం: రంగు కింద ఏది ఉంటే అదే బయటపడుతుంది, అది అన్నివేళలా అల్యూమినియమే కానక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ మస్కిటో విమానం చెక్కతో చేసినది. పలుచని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్కను పెట్టి దాని దేహాన్ని రూపొందించి, పైన మాడపోలం అనే నూలుగుడ్డను అంటించి, డోప్ (గుడ్డను బిగించి గట్టిపరిచే పూత) పూసి, ఆ తర్వాతే రంగు వేసేవారు. (ఆ గుడ్డకు పేరు వచ్చింది మన నరసాపురం దగ్గరి మాధవాయపాలెం నుంచే. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడ గుడ్డల వర్తకం జోరుగా సాగేది.) అలాంటి విమానం రెక్క నిండా వెండి చుక్కలు పెడితే అది ఎంత నేర్పుగా పెట్టినా తప్పే అవుతుంది. ఇంజిన్ మీది మూతల వంటి లోహపు భాగాల దగ్గర మాత్రమే దానికి చోటుంది. పైగా ఆగ్నేయాసియా రంగంలో ఎండవేడి తగ్గించడానికి మస్కిటోలకు ఒళ్లంతా అల్యూమినియం డోప్ పూశారు. అక్కడ వెండి రంగే పైపూత, కాబట్టి అది అరిగితే కనిపించవలసింది దాని కింద ఉన్న మరో పొర.

హరికేన్ అనే బ్రిటిష్ ఫైటర్‌దీ ఇదే కథ. అర్జన్ సింగ్ నాయకత్వంలో 1944లో ఇంఫాల్ దగ్గర పోరాడిన మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ నడిపిన హరికేన్లకు ముందు భాగం లోహం, కాక్‌పిట్ వెనుక భాగం చట్రం మీద బిగించిన గుడ్డ. గుడ్డ మీద రంగు వెలిసిపోతుంది, పగులుతుంది, చిరిగితే అతుకు వేసి మళ్లీ డోప్ పూస్తారు. లోహం మాత్రం అక్కడ మెరవదు. అమెరికన్ కోర్సెయిర్‌ను పసిఫిక్ దీవుల పగడపు నేలల మీద ఎంత అరిగిపోయినట్టు చూపించినా చెల్లుతుంది గాని, దాని బయటి రెక్కల్లో ప్రధాన స్పార్‌కు (రెక్క పొడవునా ఉండే దూలానికి) వెనుకనున్న భాగం కూడా గుడ్డేనన్న సంగతి చాలామంది గమనించరు. లోహం ఉన్న చోట సైతం పైరంగు పోయిన వెంటనే ముందుగా కనిపించేది తరచుగా పసుపు లేదా ఆకుపచ్చ ఛాయలోని జింక్ క్రోమేట్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత). బూట్లు, పనిముట్లు పదే పదే తగిలిన చోట్ల, విప్పి బిగించే మూతల అంచుల దగ్గర మాత్రమే ఆ ప్రైమర్ కూడా అరిగి లోహం తేలుతుంది. మన కాలానికి వస్తే, తేజస్ ఉపరితలంలో అత్యధిక వంతు కార్బన్ కాంపోజిట్. దాని మీద వెండి పెన్సిల్‌తో పని లేదు.

జపాన్ విమానాలన్నీ పెచ్చులూడిపోయి ఉండేవన్న నమ్మకాన్నీ ఇక్కడే ప్రస్తావించాలి. న్యూగినీలో పోరాడిన కి-61ల మీద లోహంపై నేరుగా, యుద్ధరంగంలోనే పూసిన ఆకుపచ్చ రంగు నిజంగానే దారుణంగా ఊడిపోయింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీదికి వచ్చిన జీరోలకు మాత్రం ఫ్యాక్టరీలో ప్రైమర్ మీద వేసిన నాణ్యమైన రంగు ఉండేది. ఈ రెండింటినీ ఒకే తీరుగా అరగదీసే మోడలర్ దేశం పేరు చూసి పని చేస్తున్నాడే తప్ప విమానాన్ని చూసి కాదు.

వెండి చుక్కలు పూర్తిగా న్యాయమైన సందర్భం కావాలంటే మన మిగ్-21 ఎఫ్‌ఎల్ ఉంది. వెండి మెరుపుతో ఉన్న ఆ విమానాలకు 1971 యుద్ధ సమయంలో ఆదరాబాదరాగా ఆకుపచ్చ ఛాయల కామఫ్లాజ్ వేశారు. ఒకదానిలా మరొకటి ఉండేది కాదు. ఆ పూత పలుచబడి కింది లోహం తొంగిచూస్తున్నట్టు చూపించడానికి కారణం ఉంది. అయితే 1/48 స్కేలులో 1 మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు విమానం మీద దాదాపు 5 సెంటీమీటర్ల మచ్చ అని మరిచిపోకూడదు.

అపోహ: యుద్ధంలో వాడిన విమానం గనుక తుప్పు కారిన చారలు ఉండాలి.

వాస్తవం: ట్యాంకు మోడళ్ల నుంచి వచ్చిన అలవాటు ఇది. అల్యూమినియం మిశ్రలోహానికి ఎర్రని తుప్పు పట్టదు. అది పాడైతే బూడిద-తెలుపు పొడిలా పొరలేస్తుంది. గోధుమ, ఇటుక రంగు ఛాయలు కనిపించేది వేడికి మాడిన ఉక్కు ఎగ్జాస్ట్ గొట్టాల మీద.

అపోహ: ప్యానెల్ లైన్లన్నీ (విమానపు రేకులు కలిసే చోటి గీతలన్నీ) నల్లని వాష్‌తో స్పష్టంగా కనిపించాలి.

వాస్తవం: కిట్ మీద చెక్కిన గీత 0.3 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే 1/72 స్కేలులో అది అసలు విమానం మీద 2 సెంటీమీటర్లకు మించిన సందు అవుతుంది. వేలు దూరేంత సందుతో ఏ యుద్ధవిమానమూ ఎగరదు. అంటే ఆ గీత అప్పటికే అతిశయోక్తి, దాన్ని నల్లగా నింపితే అతిశయోక్తి మీద మరో అతిశయోక్తి. లేత బూడిద రంగు విమానానికి కొంచెం ముదురు బూడిద, ఆకుపచ్చకు ముదురు గోధుమ, ఇలా ఉన్న రంగుకే ఒకటి రెండు మెట్లు ముదురు ఛాయను వాడితే గీత ఉంటుంది గాని అరవదు. తరచూ తెరిచే మూతలు, కదిలే భాగాల సందులు సహజంగానే మురికి పడతాయి కాబట్టి వాటిని కొంత ముదురుగా, ఎప్పుడూ తెరవని కీళ్లను దాదాపు కనిపించనంత లేతగా వదిలేయాలి.

కొన్నిచోట్ల గీతే ఉండకూడదు. అమెరికన్ ఫైటర్ పి-51 మస్టాంగ్ రెక్కల మీద గాలి సాఫీగా జారడానికి ముందు భాగంలోని కీళ్లనూ రివెట్లనూ పుట్టీతో పూడ్చి, నునుపు చేసి, రెక్కలకు అల్యూమినియం రంగు పూసేవారు. దేహం మాత్రం రంగు వేయని అసలు లోహం. కాబట్టి వెండి మస్టాంగ్‌లో రెండు రకాల వెండి ఉంటుంది: దేహం మీద లోహపు మెరుపు, రెక్కల మీద రంగు మెరుపు. రెండింటికీ ఒకే సీసాలోని రంగు వాడి, రెక్క మీద ప్రతి గీతనూ నల్లగా నింపిన మోడల్‌ను ఎంత శుభ్రంగా కట్టినా అది మస్టాంగ్ అనిపించుకోదు.

అపోహ: ఎగ్జాస్ట్ మరకలు మసిలా నల్లగా ఉంటాయి.

వాస్తవం: ఆనాటి అధిక ఆక్టేన్ పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంధనం తక్కువ పాళ్లలో పడేట్టు సర్దుకుని గంటల తరబడి ప్రయాణించిన విమానాల మీద ఆ సీసపు నిక్షేపం లేత బూడిదగా, కొన్నిసార్లు మట్టి ఛాయతో తెల్లగా పేరుకునేది. ఇంధనం పాలు ఎక్కువైనప్పుడే నల్లని మసి. కాబట్టి నల్లని చార ఒకటి లాగి వదిలేయకుండా ముందు పలుచని ముదురు గోధుమ పొర, దాని నడుమ లేత బూడిద పొర వేయడం మేలు. చార దిశనూ చూసుకోవాలి: ఎగిరేటప్పుడు పడిన మరక గాలివాటున వెనక్కి సాగుతుంది, నేల మీద నిలిపినప్పుడు కారిన నూనె కిందికి కారుతుంది. తోకచక్రం ఉన్న విమానం ముక్కు పైకెత్తి నిలబడుతుంది గనుక దాని పక్కల మీద వాననీటి చారలు కూడా ఏటవాలుగానే వస్తాయి.

అపోహ: మోడల్ ఎంత మురికిగా ఉంటే అంత వాస్తవికం.

వాస్తవం: యుద్ధంలో ఎన్నో ఫైటర్లు రంగు వెలిసిపోయేంత కాలం బతకనే లేదు. పైగా వేగం తగ్గకుండా గ్రౌండ్ సిబ్బంది రెక్కలను తుడిచి నునుపుగా ఉంచిన విమానాలూ ఉన్నాయి. దీనికి పూర్తి విరుద్ధం విమానవాహక నౌకల మీది విమానాలు. ఉప్పుగాలి నుంచి లోహాన్ని కాపాడటానికి నావికులు ఎక్కడికక్కడ రంగు అతుకులు వేస్తూ పోతారు కాబట్టి, సముద్రం మీద నెలలు గడిపిన అమెరికా నేవీ విమానం ఒంటి మీద బూడిద రంగులోనే రకరకాల ఛాయలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. నేల మీది స్థావరం నుంచి ఎగిరే వైమానిక దళ విమానానికి అదే పద్ధతిని అంటగట్టడం సరి కాదు. ఏ విమానం, ఏ నెల, ఏ స్థావరం అన్నది ముందు తేల్చుకుని, ఆ విమానపు ఫోటో ఒక్కటైనా చూశాకే బ్రష్ పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఎఫ్‌ఎస్ నంబరు సరిపోతే రంగు సరిపోయినట్టే.

వాస్తవం: అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ (ఎఫ్‌ఎస్)లో ఐదంకెల నంబరు కొత్త రంగును గుర్తించడానికి పనికొస్తుంది. ఉదాహరణకు ఎఫ్-16 మీద కనిపించే 36375లో మొదటి 3 మెరుపు లేనిదని, రెండో అంకె 6 బూడిద వర్గమని చెబుతుంది. ఆరు నెలల ఎండ తర్వాత ఆ రంగు ఏమవుతుందో ఏ నంబరూ చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధపు ఆలివ్ డ్రాబ్ ఒకచోట గోధుమకు, ఒకచోట పసుపు ఛాయకు తిరిగేది. ఒకే విమానంలో గుడ్డతో కప్పిన రడ్డర్ (తోకలోని చుక్కాని) ఒక ఛాయలో, పక్కనే లోహపు దేహం మరో ఛాయలో ఉండేవి. దూరం నుంచి చూసిన వస్తువు రంగు లేతబడి కనిపిస్తుంది గనుక చిన్న స్కేలుకు రంగును కాస్త లేతగా కలపడం సమంజసమే. కానీ అందుకోసం ప్రతి రంగులోనూ తెలుపే కలిపితే ఎరుపు గులాబీగా మారుతుంది, ఆకుపచ్చ సుద్దలా అవుతుంది. ఆకుపచ్చలో కొంచెం పసుపో మట్టి రంగో, ఎరుపులో కొంచెం నారింజో కలపాలి.

అపోహ: మ్యూజియంలోని విమానం కంటే మంచి ఆధారం లేదు.

వాస్తవం: ఆకారానికి అవును, రంగుకు కాదు. విశాఖ బీచ్ రోడ్డులో 2017 నుంచి ప్రజలు చూస్తున్న నౌకాదళపు గస్తీ విమానం టీయూ-142ను తీసుకోండి. చక్రాల గూళ్లు, రివెట్ల వరుసలు, ఒకదాని వెనుక ఒకటిగా ఎదురెదురు దిశల్లో తిరిగే ప్రొపెల్లర్ల అమరిక వంటివి అంత దగ్గరగా చూడటం మోడలర్‌కు వరం. అయితే సముద్రపు గాలిలో ఆరుబయట నిలిచిన విమానం మీద ఇప్పుడు కనిపించే మెరుపూ, మచ్చలూ ప్రదర్శనకు పెట్టాక వచ్చినవీ కావచ్చు, సేవలో ఉన్ననాటివే అనుకోవడానికి లేదు. రంగులకు సేవాకాలపు ఫోటోలే ఆధారం.

అపోహ: ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును చల్లే పరికరం) లేకపోతే మంచి ఫలితం రాదు, ఉంటే తప్పక వస్తుంది.

వాస్తవం: 1/72 మోడల్‌ను మంచి బ్రష్‌తో, పలుచగా రెండు మూడు పొరలుగా, ఒక పొర పూర్తిగా ఆరాక మరొకటి వేస్తూ చక్కగా ముగించవచ్చు. ఎయిర్‌బ్రష్ కొన్నవారికి మన వాతావరణమే అసలు పరీక్ష. కోస్తాలో వానాకాలంలో లాకర్ (ఘాటైన ద్రావకంతో కలిపే, త్వరగా ఆరే) రంగు వేస్తే ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, లేదా పొడిగా ఉన్న రోజు దాకా ఆగాలి. కంప్రెసర్‌కు నీటిని పట్టే ట్రాప్ తప్పనిసరి. మే నెలలో తెలంగాణలో దీనికి తలకిందులు: నీటి ఆధారిత అక్రిలిక్ సూది కొనలోనే ఎండిపోయి తుంపర్లు కక్కుతుంది, అందులో రెండు చుక్కలు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపితే నయం. రంగును పాలంత పలుచగా కలిపి, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడితో మొదలుపెట్టి, పాత ప్లాస్టిక్ స్పూను మీద చూసుకున్నాకే మోడల్ మీదికి వెళ్లాలి. వాసన లేదు కదా అని అక్రిలిక్ తుంపర్లను పీల్చడం మంచిది కాదు. లాకర్‌కైతే గుడ్డ మాస్కు ఏమాత్రం చాలదు, ద్రావకాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి.

అపోహ: క్లియర్ కోట్ (రంగు లేని రక్షణ పూత) చివర్లో ఒక్కసారి వేస్తే చాలు.

వాస్తవం: మ్యాట్ (మెరుపు లేని) రంగు గరుకుగా ఉంటుంది గనుక దాని మీద నేరుగా అంటించిన డెకాల్ (గుర్తులు, అంకెలు ముద్రించిన పలుచని స్టిక్కరు) కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ముందు గ్లాస్ (మెరిసే క్లియర్ కోట్) పొర, దాని మీద డెకాల్స్, మళ్లీ పలుచని గ్లాస్ పొర, ఆపై ఎనామెల్ వాష్ అన్న వరుస అందుకే ఏర్పడింది. ఎనామెల్ థిన్నర్ రంగు లేని ప్లాస్టిక్‌లోకి ఇంకితే బిగువుగా ఉన్న అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. చక్రాల స్తంభాల వంటి సన్నని భాగాలు విరిగిపోవడానికి ఇది తరచు కనిపించే కారణం. వాష్ తుడిచాక మ్యాట్ పొర వేసినప్పుడు మరకలు కొంత మసకబారతాయి కాబట్టి వాటిని ముందే ఒక మెట్టు ఎక్కువగా వదలాలి. ధూళికి వాడే పిగ్మెంట్ పొడులు మాత్రం ఆ పొర కింద దాదాపు మాయమవుతాయి. వాటిని మ్యాట్ కోట్ ఆరిన తర్వాత, చక్రాల మీదా వాటి గూళ్ల అంచుల్లోనూ, అన్నిటికంటే చివర్లో అద్ది, ఆపై ఆ చోట్లను చేత్తో ముట్టకుండా మోడల్‌ను పీఠానికి బిగించాలి.