మోకీలు మార్పిడి: ఎక్స్‌రే మీద గీత వెనక కథ

చెన్నైలో ఎముకల డాక్టర్ల ఓపీకి వెళ్తే నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మోకాళ్ల కోసం వచ్చిన మనవాళ్లు కనిపిస్తారు. మొన్న మా పెద్దమ్మను తీసుకెళ్లినప్పుడు బయట కూర్చున్నవాళ్లందరి మాటా ఒకటే: రోబోతో చేయించుకోవాలా, మామూలుగానా? లోపల డాక్టర్ మాత్రం వేరే సంగతి ఎత్తారు. తుంటి నుంచి చీలమండ దాకా తీసిన పొడుగాటి ఎక్స్‌రేను లైట్‌బాక్స్ మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు స్కేలుతో గీత గీశారు. అది మోకాలి మధ్యలోంచి పోలేదు, లోపలి అంచు మీదుగా పోయింది.

"మీ కాళ్లు మొదటి నుంచీ ఇలా దొడ్డిగానే ఉండేవా అమ్మా?" అనడిగారు.

"పెళ్లినాటికే ఇంతే నాయనా. గుజ్జు అరిగాక, ఈ పదేళ్లలో ఇంకాస్త వంగాయి" అంది పెద్దమ్మ.

ముప్ఫై ఏళ్ల కిందటైతే ఆ జవాబుతో పెద్దగా పనుండేది కాదు. 1970ల్లో లండన్‌లో మైఖేల్ ఫ్రీమన్, న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ వంటి సర్జన్లు కృత్రిమ మోకీలుకు రూపం ఇస్తున్నప్పుడు వాళ్ల టెన్షన్ అంతా అమర్చిన భాగం వదులైపోతుందనే. బరువు ఒక పక్కే పడితే ప్లాస్టిక్ అరుగుతుంది, సిమెంటు పట్టు విడుస్తుంది. అందుకే మోకాలికి పైన, కింద ఉన్న ఎముకలను ఆ గీతకు 90 డిగ్రీల్లో కోసి, కాలు తిన్నగా వచ్చేలా బిగించారు. దీన్నే మెకానికల్ అలైన్‌మెంట్ అంటారు. 1991లో ఇంగ్లండు సర్జన్లు 115 మోకీళ్లు చూసి, గీత మధ్య భాగంలోంచి పోయిన వాటిలో 3 శాతం, పక్కకు పోయిన వాటిలో 24 శాతం వదులయ్యాయని తేల్చారు. ఆ భయం ఉత్తదేమీ కాదు.

కానీ సహజంగా మోకాలి కింది ఎముక పైభాగం లోపలికి సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటుంది. దొడ్డికాలిని నిటారు చేయాలంటే లోపలి పక్క లిగమెంట్లను, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలను, సడలించాల్సి వస్తుంది. ఎక్స్‌రేలో ముచ్చటగా ఉన్న కాలు మెట్లు దిగేటప్పుడు పరాయిదిలా అనిపించడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. 2010లో కెనడాలో అడిగితే, ఆపరేషన్ అయినవాళ్లలో ఐదుగురిలో ఒకరు తృప్తిగా లేరు. అదే ఏడాది అమెరికాలో మేయో క్లినిక్ 398 మోకీళ్ల 15 ఏళ్ల లెక్క తీసింది. తిన్నగా బిగించినవి మిగతావాటికంటే ఎక్కువకాలం ఏమీ నిలవలేదు. 2012లో బెల్జియంలో నొప్పుల్లేని 250 మంది కుర్రవాళ్లను, అమ్మాయిలను కొలిచారు. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం కాళ్లు 3 డిగ్రీలు, అంతకుమించి దొడ్డిగా ఉన్నాయి. అంటే వాళ్లకు అది జబ్బు కాదు, అదే వాళ్ల కాలు!

కాలిఫోర్నియాలో స్టీఫెన్ హోవెల్ 2006 నుంచీ పట్టుకున్న దారి ఇదే. అరిగిన గుజ్జును లెక్కలోకి తీసుకుని, అమర్చే లోహం ఎంత మందమో అంతే తీయడం, పాత వంపును తిరిగి ఇవ్వడం. పేరు కైనమాటిక్ అలైన్‌మెంట్. రెండు పద్ధతులనూ పోల్చి అమెరికాలో చేసిన ఒక పరీక్షలో ఇది మెరుగనిపించింది. 2017లో న్యూజిలాండ్ పరీక్షలో రెండేళ్లకు రెండూ సమానమే అని వచ్చింది. వంపు మరీ ఎక్కువున్న కాళ్లకు కెనడా సర్జన్లు హద్దు పెట్టారు: కాలి మొత్తం వంపును 3 డిగ్రీలు దాటనివ్వరు.

రోబో ఇందులో పనిముట్టు. అనుకున్న కోణం తప్పకుండా కోయడానికి సాయపడుతుంది, ఆ కోణం ఎంతో నిర్ణయించేది సర్జనే. పెద్దమ్మకు డాక్టర్ ఎంచుకున్నది పాత వంపును హద్దులో ఉంచే ఆ మధ్యదారే. పదేళ్లలో వచ్చిన వంపు తీసేసి, పెళ్లినాటి వంపు కొద్దిగా ఉంచుతానన్నారు.