ముగ్గురు తార్కికులూ, మైనస్ 273 డిగ్రీలూ

తర్కశాస్త్రం చదువుకున్న ముగ్గురు మిత్రులు ఒకచోట కూర్చున్నారు. "ముగ్గురికీ కాఫీయేనా?" అని అడిగారెవరో. "నాకు తెలియదు" అన్నాడు మొదటివాడు. "నాకూ తెలియదు" అన్నాడు రెండోవాడు. "అవును, ముగ్గురికీ" అన్నాడు మూడోవాడు.

ఇది విని కొందరు వెంటనే నవ్వుతారు. ఎక్కువమంది ఓ క్షణం ఆగి నవ్వుతారు. నాకు ఆ ఆగిన క్షణమంటేనే ఇష్టం. అడిగింది "నీకు కావాలా?" అని కాదు, "ముగ్గురికీ కావాలా?" అని. మొదటివాడికి కాఫీ అక్కర్లేకపోతే మిగతా ఇద్దరి సంగతి తెలియకపోయినా "కాదు" అని తేల్చి చెప్పేయొచ్చు. ఒక్కరు వద్దనుకున్నా "ముగ్గురికీ" అన్నమాట నిలవదు కదా. అతను తెలియదన్నాడంటే తనకు కావాలనే అర్థం. రెండోవాడిదీ అదే కథ. ఆ రెండు "తెలియదు"లూ వినేసరికి మూడోవాడికి అంతా తెలిసిపోయింది. ఎవరికి ఏం తెలుసు, వాళ్ళకి తెలుసన్న సంగతి ఇంకెవరికి తెలుసు అని లెక్కలు కట్టడానికి తర్కశాస్త్రంలో ఒక శాఖే ఉంది. దాని మొదటి పాఠం ఈ నాలుగు ముక్కల్లో ఇమిడిపోయింది.

జోకుని విడమరిచి చెబితే చచ్చిపోతుందంటారు. సైన్సు జోకుల విషయంలో నేను ఆ మాట ఒప్పుకోను. విడమరిచిన కొద్దీ వాటిలోంచి అసలు సైన్సు బయటికొస్తుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1931 నాటిది.

ఆ రోజుల్లో ఆర్థర్ ఎడింగ్టన్ పేరు జగమెరిగినది. 1919 సూర్యగ్రహణంలో నక్షత్రాల కాంతి వంగడాన్ని కొలిచి, ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూర్చిన ఖగోళ శాస్త్రవేత్త ఆయన. తర్వాత ఆయన మనసు ఒక సంఖ్య మీద పడింది. విద్యుదావేశమున్న కణాలకీ కాంతికీ మధ్య బంధం ఎంత గట్టిదో చెప్పే ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం ఒకటుంది. దాన్ని తలకిందులు చేస్తే సుమారు 137 వస్తుంది. కొలిచి తెలుసుకోనక్కర్లేదు, ఆలోచనతోనే ఆ సంఖ్యని రాబట్టొచ్చని ఎడింగ్టన్ నమ్మాడు. మొదట 136 అని నిరూపించాడు. ప్రయోగాలు 137 వైపు మొగ్గేసరికి, కచ్చితంగా 137 అని మళ్ళీ నిరూపించాడు.

అప్పుడు కేంబ్రిడ్జిలో ఉన్న ముగ్గురు కుర్రవాళ్ళకి ఇది చూసి చెయ్యి దురద పెట్టింది. గీడో బెక్, హాన్స్ బేథే, వోల్ఫ్‌గాంగ్ రీజ్లర్ కలిసి, అంతకన్నా చల్లబడటం ఇక కుదరని పరమ శూన్య ఉష్ణోగ్రత మీద చిన్న పత్రం రాసి 'నాటూర్‌విసెన్‌షాఫ్టెన్' అనే జర్మన్ పత్రికకి పంపారు. ఒక కణం ఎన్ని స్వతంత్ర రీతుల్లో కదలగలదో చెప్పే లెక్కనీ భౌతికశాస్త్రంలో డిగ్రీలనే అంటారు. ఎడింగ్టన్ సంఖ్యనే తీసుకుని ఎలక్ట్రాన్‌కి 137, ప్రోటాన్‌కి 137, కలిపితే 274, అందులోంచి ఒకటి తీసేస్తే 273. ఈ డిగ్రీలన్నీ గడ్డకట్టుకుపోతే పరమ శూన్యం. కాబట్టి పరమ శూన్యం మైనస్ 273 డిగ్రీలని సిద్ధాంతం నుంచే వచ్చేసింది! కొలతలతో ఎంత చక్కగా సరిపోయిందో చూడండని కూడా రాశారు. సంపాదకుడు దాన్ని నమ్మి 1931 జనవరిలో అచ్చువేశాడు. సంగతి తెలిశాక, అది ఈ మధ్య వస్తున్న ఒక రకం పత్రాలకి అనుకరణ తప్ప నిజం పరిశోధన కాదని మార్చిలో వివరణ ప్రకటించాల్సి వచ్చింది.

ఇందులో తప్పెక్కడుందో వెతికితే భౌతికశాస్త్రపు ఆయువుపట్టు ఒకటి దొరుకుతుంది. 137కి కొలమానంతో పని లేదు. పొడవుని మీటర్లలో కొలిచినా, అడుగుల్లో కొలిచినా దాని విలువ మారదు. 273 అలా కాదు. నీళ్ళు గడ్డకట్టే చోట సున్నా, మరిగే చోట వంద పెట్టుకుని, మధ్యలో వంద భాగాలు చేసుకున్నాం కాబట్టే ఆ అంకె వచ్చింది. ఫారన్‌హీట్‌లో అదే పరమ శూన్యం మైనస్ 459.67. మనుషులు తమ వీలు కోసం గీసుకున్న గీతల్ని ఎలక్ట్రాన్ ఎలా పసిగడుతుంది? ఏ సమీకరణం చూసినా ముందు రెండు వైపులా కొలమానాలు సరిపోయాయా అని సరిచూడమని ఉపాధ్యాయులు చెప్పేది ఇందుకే. నూరు సార్లు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క కొంటెపత్రం చదివితే ఎక్కుతుంది. ఇంతకీ ఎడింగ్టన్ కచ్చితంగా 137 అన్న సంఖ్య ఇప్పటి కొలతల్లో 137.036కి దగ్గర, పూర్ణసంఖ్య కానే కాదు.

హాన్స్ బేథే పేరు పదిహేడేళ్ళ తర్వాత మరో హాస్యంలో ఇరుక్కుంది. ఈసారి అతని ప్రమేయం లేదు. భౌతికవేత్త జార్జ్ గామోవ్, అతని పరిశోధక విద్యార్థి రాల్ఫ్ ఆల్ఫర్ కలిసి, విశ్వం తొలి ఘడియల్లో మూలకాలు ఎలా పుట్టాయో వివరిస్తూ పత్రం రాశారు. ఆల్ఫర్, గామోవ్ అంటే ఆల్ఫా, గామా. నడుమ బీటా లేకపోతే ఎలా అనుకుని గామోవ్ మిత్రుడు బేథే పేరు చేర్చేశాడు. పత్రం 1948 ఏప్రిల్ 1 సంచికలో వెలువడింది. గ్రీకు అక్షరాలు వరసగా కుదిరాయని లోకం ముచ్చటపడింది. అది ఆల్ఫర్ డాక్టరేట్ పరిశోధన. ఇద్దరు మహామహుల పేర్ల పక్కన ఆ కుర్రవాడి పేరు మసకబారింది, అది అతన్ని చాలాకాలం బాధించింది. అదే ఏడు అతను రాబర్ట్ హెర్మన్‌తో కలిసి, విశ్వమంతటా సుమారు 5 కెల్విన్ల, అంటే పరమ శూన్యం కన్నా 5 డిగ్రీలే ఎక్కువ, వేడి గల వికిరణం మిగిలి ఉండాలని లెక్కకట్టాడు. 1965లో దాన్ని పట్టుకున్నారు. 1978 నోబెల్ పట్టుకున్నవాళ్ళకి వెళ్ళింది. ఈ చమత్కారం నాకెంత నచ్చినా, ఆల్ఫర్ సంగతి గుర్తొస్తే నవ్వు సగంలో ఆగిపోతుంది.

పేర్లతో ఆటలు ఇంకా చాలా ఉన్నాయి. 1975లో జాక్ హెథరింగ్టన్ అనే అమెరికన్ భౌతికవేత్త పత్రమంతా "మేము" అని టైపు చేసుకున్నాడు. రచయిత ఒక్కడే అయితే పత్రిక ఆ మాట ఒప్పుకోదని తెలిసి, మొత్తం మళ్ళీ టైపు చేసే ఓపిక లేక, తన సయామీ పిల్లికి ఎఫ్. డి. సి. విలర్డ్ అని పేరు పెట్టి సహరచయితని చేశాడు. ఇది ఎవరినీ నొప్పించలేదు.

జన్యువుల పేర్ల కథ అలాంటిది కాదు. ఈగల మీద పని చేసేవాళ్ళు, ఒక జన్యువు చెడితే లార్వా ఒళ్ళంతా ముళ్ళు మొలిచినట్టు కనిపించిందని దానికి హెడ్జ్‌హాగ్ అని పేరు పెట్టారు, అంటే ముళ్ళ జంతువు. వెన్నెముక గల జీవుల్లో దాని బంధువు దొరికినప్పుడు ఒక వీడియో గేమ్ పాత్ర పేరు తగిలించి సోనిక్ హెడ్జ్‌హాగ్ అన్నారు. ప్రయోగశాలలో అది సరదా. కానీ మనిషి పిండంలో ఆ జన్యువు దెబ్బతింటే మెదడు ముందుభాగం రెండుగా విడిపోకుండా ఉండిపోవచ్చు. ఆ మాట తల్లిదండ్రులకి చెప్పాల్సిన డాక్టరు నోట ఆ పేరు ఎలా వస్తుంది? పేరు పెట్టే ముందు అది రేపు ఎవరి చెవిన పడుతుందో ఆలోచించాల్సిందే.

మన భాషలో ఇలాంటి చమత్కారాలకి కావలసినంత ముడిసరుకు ఉంది. రోజంతా గోడని నెట్టి చెమటలు కక్కినవాడు చేసిన పని ఎంత? సున్నా. భౌతికశాస్త్రంలో పని అంటే బలంతో పాటు కదలిక కూడా ఉండాలి, గోడ కదల్లేదు. మరి అలసట ఎందుకొచ్చింది? కండరం బిగుసుకుని ఉండాలంటేనే లోపలి పోగులు ఆగకుండా పట్టుకుంటూ, వదులుతూ శక్తి ఖర్చు చేస్తుంటాయి. వృత్తానికి వ్యాసం ఉంది, పత్రికలోనూ వ్యాసం ఉంది. వ్యాసంలో సగం వ్యాసార్ధం. ఆ ధ కాస్తా థ అయితే వ్యాసానికి అర్థం చెప్పినట్టవుతుంది, చాలా చోట్ల అలాగే అచ్చవుతుంది కూడా. క్లాసులో ఈ తేడా చెప్పి నవ్వించిన మాస్టారి దగ్గర పిల్లలు ఆ మాటని తప్పు రాయరని నా నమ్మకం.

అన్నిటికన్నా నాకు ప్రియమైనది అవధి. ఆనందానికి అవధుల్లేవంటాం, గణితంలోనూ ఇదే మాట వాడతాం. అంతులేనంత మంది గణితజ్ఞులు వరసలో నిలబడ్డారు. మొదటివాడు ఒక గ్లాసు నీళ్ళడిగాడు, రెండోవాడు అర, మూడోవాడు పావు, నాలుగోవాడు అందులో సగం. నీళ్ళు పోసే ఆమె ఇక వినలేదు. రెండు గ్లాసులు నిండా పోసి ముందు పెట్టి, "మీరు ఎంతమందైనా రండి నాయనా, మీ దాహానికి అవధి ఇదే" అంది.