లైప్‌జిగ్ సోమవారం ప్రార్థన: 1988లో ఆపేసిన మైకు కథ

అక్టోబరు 9 దగ్గరపడితే చాలు, జర్మనీలోని లైప్‌జిగ్ పేరు మళ్ళీ వార్తల్లోకి వస్తుంది, దాని వెనకే పాత తగువూ వస్తుంది. 1989లో, అది కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో ఉండగా, ఆ ఊరి నికోలాయి చర్చిలో శాంతి కోసం ప్రార్థన చేసుకుని, బయటికొచ్చి కొవ్వొత్తులు పట్టుకుని నడిచినవాళ్ళకి అసలు వారసులెవరన్నదే ఆ తగువు. 'మేమే ప్రజలం' అన్న వాళ్ళ నినాదాన్ని 2014లో డ్రెస్డెన్‌లో పెగీడా అనే ఉద్యమం, 2015 జనవరిలో లైప్‌జిగ్‌లోనే దాని స్థానిక శాఖ లెగీడా ఎత్తుకున్నాయి, ఈసారి వలసవచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా. 2019లో తూర్పు రాష్ట్రాల ఎన్నికలకి తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ పార్టీ 'అప్పటి మార్పుని పూర్తి చేయండి' అని పోస్టర్లు వేసింది. 2020 నవంబరు 7న కరోనా ఆంక్షలు వద్దన్నవాళ్ళు పట్టుబట్టి, 1989లో వాళ్ళు నడిచిన అదే రింగ్ రోడ్డు (ఊరి నడిబొడ్డు చుట్టూ ఉన్న రోడ్డు) మీద నడిచారు. 2022 సెప్టెంబరు 5న, అదీ సోమవారమే, ఆగస్టుస్‌ప్లాట్స్ అనే ఒకే మైదానంలో ఓ పక్క వామపక్షం వాళ్ళూ ఇంకో పక్క తీవ్ర మితవాదులూ వేర్వేరుగా సభలు పెట్టుకున్నారు. సోమవారం మాదంటే మాదని అందరూ అంటారు. చర్చి దీని మీద ఏదైనా మాట్లాడబోతే మాత్రం, 'మీకెందుకండీ రాజకీయాలు, ప్రార్థన చేసుకోండి' అంటారు.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. ఎందుకంటే ఇది కొత్తగా ఎవరో బయటివాళ్ళు కనిపెట్టిన మాట కాదు. అదే చర్చిలో, చర్చి పెద్దలే, సొంత మనుషుల్ని అన్న మాట. 1988లో.

దేశం రెండు ముక్కలవడం, బెర్లిన్ గోడ కట్టడం, గోర్బచేవ్ రావడం, ఇవన్నీ వదిలేస్తున్నా, అందరికీ తెలిసినవే. అక్టోబరు 9న ఏం జరిగిందో కూడా డాక్యుమెంటరీల్లో చూసే ఉంటారు. నాకు మటుకు అసలు మలుపు అంతకు ఏడాది ముందే ఉందనిపిస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, మాట్లాడితే కొందరు పెద్దలకి ఇబ్బంది కాబట్టి.

1982 సెప్టెంబరు 20 నుంచి నికోలాయి చర్చిలో ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకి శాంతి కోసం ప్రార్థన జరుగుతోంది. చాలా వారాలు పదిమంది కూడా ఉండేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో తూర్పు జర్మనీలో చర్చికి వచ్చే కుర్రాళ్ళు జాకెట్టు చేతికి గుండ్రటి బట్ట ముక్క ఒకటి కుట్టుకునేవాళ్ళు. దాని మీద కత్తిని సుత్తితో కొట్టి నాగలి చేస్తున్న మనిషి బొమ్మ, చుట్టూ మీకా ప్రవక్త మాట. మన తెలుగు బైబిల్లో 'ఖడ్గములను నాగటి నక్కులుగా' అని చదువుకుంటాం కదా, అదే. తమాషా ఏంటంటే ఆ బొమ్మకి మూలమైన విగ్రహం సోవియట్ యూనియన్ వాళ్ళే 1959లో ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది, అంటే తప్పు పట్టడానికి లేదు. కాగితం మీద ఏది అచ్చువేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి, బట్ట మీద అద్దకానికి అక్కర్లేదు, కాబట్టి హెర్న్‌హూట్‌లో బట్ట మీదే వేయించారు. ప్రభుత్వానికి ఒళ్ళు మండి నిషేధించింది, పోలీసులూ స్కూలు మాస్టార్లూ పీకించారు. కొందరు పిల్లలు పీకేసిన చోట 'ఇక్కడ ఒక కమ్మరి ఉండేవాడు' అని రాసుకుని తిరిగారు.

సరే, 1988. నికోలాయి చర్చి పాస్టర్ క్రిస్టియన్ ఫ్యూరర్. గుమ్మం బయట 'అందరికీ తెరిచే ఉంటుంది' అని బోర్డు పెట్టింది ఈయనే. అయితే సోమవారం ప్రార్థనల ఏర్పాట్లు చూసేది ఆయన కాదు, ఊరి తూర్పున పేదల పేటలో ఉన్న లూకాస్ చర్చి పాస్టర్ క్రిస్టోఫ్ వొన్నెబెర్గర్. పర్యావరణం వాళ్ళు, మానవహక్కుల వాళ్ళు, సైన్యంలో చేరబోమన్నవాళ్ళు, ఇలా చిన్న చిన్న బృందాలుండేవి. ఒక్కో సోమవారం ఒక్కో బృందం ప్రార్థన నడపాలి, అదీ ఈయన పెట్టిన పద్ధతి. వాళ్ళలో బాప్తిస్మం తీసుకోనివాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ ఏడాది జనవరిలో బెర్లిన్‌లో నిరసనకారుల అరెస్టులు జరిగాక, ఫిబ్రవరిలో దేశం వదిలి పోవడానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళతో ఫ్యూరర్ ఒక సాయంత్రం మాట్లాడాక, ఖాళీ బెంచీలు ఒక్కసారి నిండిపోయాయి. అంతదాకా పట్టించుకోని ప్రభుత్వం చర్చి పెద్దల్ని పిలిపించి గట్టిగా అడగడం మొదలుపెట్టింది.

జూన్ చివర్లో ఒక సోమవారం అసలు నిప్పు అంటుకుంది. ఊళ్ళో పాదచారుల సొరంగం గోడ మీద గోర్బచేవ్ మాటనొకదాన్ని పెయింట్‌తో రాసినందుకు ఒకతనికి జరిమానా పడింది. సోవియట్ నాయకుడి మాట, సోవియట్ మిత్రదేశంలో, జరిమానా! ఆ డబ్బు కట్టడానికి శాంతి ప్రార్థనలో చందా పట్టారు. సంఘ పెద్దలకి ఇది నచ్చలేదు. దేవుడి పళ్ళెంలో పడ్డ డబ్బుతో ప్రభుత్వం వేసిన జరిమానా కట్టడమేంటని.

ఆగస్టులో, వేసవి సెలవులు అవుతుండగా, లైప్‌జిగ్ చర్చిల పై అధికారి, అంటే సూపరింటెండెంట్, ఫ్రీడ్రిష్ మాగీరియుస్ నుంచి వొన్నెబెర్గర్‌కి ఉత్తరం వచ్చింది. ఇక ఏర్పాట్లు మీరు చూడక్కర్లేదు, బృందాలు సొంతంగా ప్రార్థన నడపక్కర్లేదు, పాస్టర్లే చూసుకుంటారు, అదీ సారాంశం. ఆగస్టు 29న సెలవుల తర్వాత మొదటి సోమవారం. బృందాలవాళ్ళు ముందుకొచ్చి ఈ నిర్ణయం మీద తమ నిరసన చదవబోయారు. మైకు ఆపేశారు. ఆ తర్వాత ఒక సోమవారం వాళ్ళు నోటికి గుడ్డలు కట్టుకుని బలిపీఠం ముందు నిలబడ్డారు, ఆ గుడ్డల మీద 'మాట్లాడటం నిషేధం' అని రాసి ఉంది.

మాగీరియుస్ వైపు మాట కూడా చెప్పాలి. ఆయన ప్రభుత్వం మనిషి కాదు. 70ల్లో యుద్ధ పాపాలకి ప్రాయశ్చిత్తంగా పోలండులాంటి చోట్లకి యువకుల్ని పంపే సంస్థని తూర్పు జర్మనీలో నడిపినాయన. ఆయన వాదన ఏంటంటే, ప్రార్థన ప్రార్థనగా ఉండాలి, బైబిలు తెరవకుండా ప్రకటనలు చదివితే అది సభ అవుతుంది, ఇంకొంచెం లాగితే ప్రభుత్వం మొత్తం మూసేస్తుంది. 'చర్చి అందరికోసం, అన్నిటికోసం కాదు' అని అప్పట్లో అక్కడ చర్చిల్లో ఒక మాట ఉండేది. వినడానికి సబబుగానే ఉంటుంది. కాకపోతే, ఏది ప్రార్థన ఏది కాదని తేల్చేటప్పుడు బయట గుమ్మం దగ్గర స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసు) మనిషి నిలబడి ఉన్నాడన్నది లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

ఇక్కడే మలుపు. లోపల మైకు పోయేసరికి బృందాలు బయటికి వచ్చేశాయి. ప్రార్థన అవ్వగానే చర్చి ముందున్న రాళ్ళు పరిచిన ఖాళీ స్థలంలో నిలబడి చెప్పాల్సింది చెప్పేవాళ్ళు, చర్చిలోంచి వచ్చేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. లోపలైతే గంటలో అయిపోయేది, నాలుగు గోడల మధ్యే ఉండేది. బయట నిలబడటం అలవాటైంది, సోమవారం ఆరింటికి అక్కడ ఏదో ఉంటుందని ఊరికి తెలిసిపోయింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు. ప్రార్థనలోంచి రాజకీయాల్ని తీసేద్దామనుకుంటే, జనం వీధిలోకి వచ్చి నిలబడ్డారు.

(ఇది మనకి దూరం విషయమేం కాదు. 2018 మేలో ఢిల్లీ ఆర్చ్‌బిషప్ అనిల్ కూటో దేశం కోసం ప్రార్థించమని, శుక్రవారాలు ఉపవాసం ఉండమని సంఘాలకి ఉత్తరం రాస్తే, అందులో 'అల్లకల్లోల రాజకీయ వాతావరణం' అన్న మాట ఉన్నందుకు ఎంత గొడవయిందో గుర్తుండే ఉంటుంది. మన చర్చిల్లోనూ ఆదివారం 'దేశాన్ని ఏలే నాయకుల కోసం' అని ప్రార్థిస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ నాయకులేం చేస్తున్నారో ప్రార్థనలో చెప్పామా, అయిపోయామే.)

1989 ఏప్రిల్లో రాజీ కుదిరింది. బృందాలు మళ్ళీ ప్రార్థన నడపొచ్చు, కాకపోతే ఒక పాస్టర్ బాధ్యత వహించాలి. అప్పటికి బయటి గుంపు చేయి దాటిపోయింది. మే 8 నుంచి పోలీసులు చర్చికి వచ్చే వీధుల్ని మూయడం మొదలుపెట్టారు. సెప్టెంబరు 4న 'స్వేచ్ఛగల మనుషులున్న తెరిచిన దేశం కోసం' అన్న బ్యానరుని సాదా బట్టల్లో ఉన్న స్టాసీవాళ్ళు లాగి చింపడం, వాణిజ్య ప్రదర్శనకి వచ్చిన పశ్చిమ జర్మనీ కెమెరాల్లో పడింది. ప్రార్థనలు ఆపేయమని ప్రభుత్వం ఎంత ఒత్తిడి చేసినా చర్చి నాయకత్వం ఈసారి లొంగలేదు, మాగీరియుస్‌తో సహా. ఇది వాళ్ళ ఖాతాలో రాయాల్సిందే.

సెప్టెంబరు 25న ప్రార్థన నడిపింది వొన్నెబెర్గర్, మానవహక్కుల బృందం. ఏడాది కింద మైకు పోయినవాళ్ళు. హింస చేసేవాడు హింసకే బలవుతాడని ఆయన ఆ రోజు ప్రసంగించారు, ఆ తర్వాత వేలమంది మొదటిసారి రింగ్ రోడ్డు ఎక్కారు. అక్టోబరు 6న స్థానిక పత్రికలో ఒక సాయుధ కార్మిక దళం కమాండర్ ఉత్తరం అచ్చయింది, అవసరమైతే ఆయుధం చేతపట్టి అణిచేస్తామని. ఆస్పత్రుల్లో రక్తం సీసాలు సిద్ధం చేస్తున్నారని ఊరంతా పాకింది.

ఆ రెండు మూడు రాత్రుల్లో లూకాస్ చర్చి గదిలో ఏం జరుగుతోందో చూడండి. సైక్లోస్టైల్ మెషిన్ ఒకటి, మన పాత స్కూళ్ళలో పరీక్ష పేపర్లు తీసేవాళ్ళే, చేతులకి సిరా అంటుకునేది, అదే. దాని మీద వొన్నెబెర్గర్, బృందాలవాళ్ళు ఒక కరపత్రం తిప్పుతున్నారు, 25 వేల కాపీలకి పైనే. అందులో ప్రభుత్వాన్ని పడగొట్టమని లేదు. హింస వద్దు, పోలీసుల వరసల్ని తోసుకుని వెళ్ళొద్దు, మనుషుల మీదా బళ్ళ మీదా చేయి చేసుకోవద్దు. అదే కాగితంలో కింద పోలీసులకీ ఒక మాట: శాంతిగా ఉన్నవాళ్ళకి హింసతో జవాబివ్వకండి, మనమంతా ఒకే జనం.

యేసు కొండమీద ప్రసంగాన్ని కరపత్రం చేస్తే ఇంకెలా ఉంటుంది, నాకైతే తెలీదు. ప్రార్థన చేయడం రాదని పక్కన పెట్టినవాళ్ళు రాసింది ఇది.

9న ఏమైందో క్లుప్తంగా: మధ్యాహ్నానికే వందలమంది పాలక పార్టీ సభ్యుల్ని పంపి నికోలాయి చర్చి బెంచీల్లో కూర్చోబెట్టారు, వాళ్ళూ ఆ ప్రార్థన విన్నారు. మొత్తం నాలుగు చర్చిల్లో ప్రార్థన జరిగింది. ఆర్కెస్ట్రా నాయకుడు కుర్ట్ మజూర్, ఆయనతోపాటు ముగ్గురు పార్టీ కార్యదర్శులు, ఒక హాస్య కళాకారుడు, ఒక వేదాంత పండితుడు (ఈయన స్టాసీకి సమాచారం ఇచ్చేవాడని తర్వాత బయటపడింది) కలిసి రాసిన విజ్ఞప్తి వీధి లౌడ్‌స్పీకర్లలో మజూర్ గొంతుతో వినిపించింది. 70 వేలమందికి పైగా నడిచారు. ఒక్క తూటా పేలలేదు. నెల తర్వాత గోడ.

జనానికి గుర్తున్నది మజూర్ గొంతు. కరపత్రం ఎవరికీ గుర్తులేదు. దానికో కారణం, అక్టోబరు 30న వొన్నెబెర్గర్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. గోడ పడిన రోజుల్లో, కథ చెప్పాల్సిన మనిషి నోట మాట లేదు. కొన్నేళ్ళపాటు ఒక్కో మాటా మళ్ళీ నేర్చుకున్నాడు. ఈలోపు కథ ఫ్యూరర్ చెప్పారు, నిజాయితీగానే చెప్పారు, కానీ ఆయన చర్చిలోంచి కనబడినంత చెప్పారు. మాగీరియుస్ 1990లో నగర సభకి అధ్యక్షుడయ్యారు. 2014లో జర్మన్ జాతీయ బహుమతి ఫ్యూరర్‌కీ వొన్నెబెర్గర్‌కీ ఇద్దరికీ వచ్చింది, అప్పటికి పాతికేళ్ళు కావస్తోంది. ఆ జూన్ 30న ఫ్యూరర్ పోయారు.

ఈ ఖాళీలోనే ఇవాళ్టి గొడవ పెరిగింది. 2019లో డెట్లెఫ్ పొల్లాక్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆ విప్లవం మామూలు జనానిది, ఆ చిన్న బృందాలది కాదు అని పత్రికలో రాస్తే పెద్ద రభస జరిగింది, చరిత్రకారుడు ఇల్కో-సాషా కొవాల్‌చుక్ గట్టిగా తిప్పికొట్టాడు. మామూలు జనానిదే అయితే మామూలు జనం మేమే అని ఎవరైనా అనొచ్చు, ఏఎఫ్‌డీతో సహా. కరపత్రం చేతిలో పెట్టుకుని చూస్తే అంత తేలిగ్గా అనలేరు, అందులో 'ఒకే జనం' అని పిలిచింది ఎదురుగా లాఠీ పట్టుకుని నిలబడ్డవాడిని.

నికోలాయి చర్చిలో సోమవారం 5 గంటలకి ప్రార్థన ఇప్పటికీ ఉంది. ఒక్కో వారం ఒక్కో బృందం నడుపుతుంది.