ఇత్తడి కేసింగులు: మెరుపు కాదు, మెడ చూడండి

రైఫిల్ తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడం మొదలుపెట్టినవాళ్లు ముందు పౌడర్ గురించి, బుల్లెట్ గురించి అడుగుతారు. కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టం, అంటే కేసింగ్, దాని సంగతి ఎవరికీ పట్టదు. పట్టినవాళ్లేమో అక్కర్లేని పనికి గంటలు తగలేస్తారు. (ఈ పనికి అనుమతి, లైసెన్సు నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. అవి చూసుకున్నాకే మిగతాది.)

అపోహ: కేసింగ్ తళతళలాడితే గురి బాగుంటుంది.

మెరుపుకీ గురికీ సంబంధం లేదు. శుభ్రం చేసేది రెండు కారణాలకే: ఇసుక, మట్టి డైని (కేసింగ్‌ని నొక్కి మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు) గీరకూడదు, పగుళ్లుంటే కంటికి కనబడాలి. స్టీలు పిన్నులతో నీళ్లలో మరీ ఎక్కువసేపు తిప్పితే మూతి అంచులు నలుగుతాయి. మెడ (బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి పైభాగం) లోపలి మసి పూర్తిగా పోతే బుల్లెట్ దిగేటప్పుడు రాపిడి పెరుగుతుంది. నేనైతే ఆ పల్చటి మసి పొరని ఉండనిస్తాను.

అమోనియా ఉన్న పాలిష్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. బ్రిటిష్ పాలనలో భారతదేశంలో సైన్యం నిల్వ చేసిన తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే అదీ ఫలితం. కారణం 1921లో గానీ తేలలేదు.

అపోహ: ఎనీలింగ్ అంటే మెడ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడం.

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఎనీలింగ్ అంటే గట్టిపడ్డ ఇత్తడిని వేడితో మళ్లీ మెత్తబరచడం. కేసింగ్ ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు. కాల్చిన ప్రతిసారీ, సైజ్ చేసిన (డైలో నొక్కి కొలతకి తెచ్చిన) ప్రతిసారీ అది గట్టిపడుతుంది. గట్టిపడ్డ మెడ డైలోంచి బయటికి రాగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది. అదీ అన్నింటిలో ఒకేలా కాదు. దాంతో బుల్లెట్‌ని పట్టుకునే బిగువు ఒక్కో తూటాలో ఒక్కోలా తయారై, గుళ్లు నిలువునా చెదురుతాయి. ఇంకా వాడితే మెడ చీలుతుంది. ఎనీలింగ్ ఈ బిగువుని మళ్లీ ఒకే దారికి తెస్తుంది.

ఇక నీళ్ల సంగతి. ఉక్కులా ఇత్తడి నీళ్లలో ముంచితే గట్టిపడదు. ముంచడం వేడి అడుగుకి పాకకుండా ఆపడానికే. మెడకి కొన్ని సెకన్ల వేడి చాలు. వెలుతురులో కూడా ఎర్రగా కనిపించిందంటే అప్పటికే హద్దు దాటినట్టు. అడుగు భాగం 250 డిగ్రీల సెల్సియస్‌కి చేరకూడదు. ఉష్ణోగ్రత చూపే రంగు పూసి చూసుకోండి. కేసింగులన్నీ ఓవెన్‌లో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. అడుగు మెత్తబడితే పీడనానికి ఆగదు, ఆ వాయువులు వచ్చేది మీ మొహం మీదికే.

అపోహ: మెడ ఒక్కటే సైజ్ చేస్తే ఎక్కువ కచ్చితత్వం.

ఒకప్పటి బలమైన నమ్మకం. కానీ మూడు నాలుగు సార్లు కాల్చాక అలాంటి కేసింగ్ చాంబర్లో (తుపాకీలో తూటా కూర్చునే చోటు) బిగుసుకుని, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ కష్టంగా మూసుకుంటుంది. ఇప్పుడు పోటీ షూటర్లలో చాలామంది మొత్తం సైజ్ చేసి, భుజాన్ని (మెడ కింద వాలుగా వెడల్పయ్యే చోటు) 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి నెడతారు. భుజం ఎంత వెనక్కి వెళ్లిందో కొలిచే కంపారేటర్ లేకుండా అది ఊహించి చేసే పని కాదు. అంతకు మించి నెడితే కాల్చిన ప్రతిసారీ అడుగుకి కాస్త పైన గోడ సాగి పల్చబడుతుంది. బయట మెరిసే గీత కనిపిస్తే, కొస వంచిన సన్నటి తీగతో లోపల తడిమి చూడండి. గాడి తగిలితే ఆ కేసింగ్ పని అయిపోయింది.

అపోహ: తూకం వేసి వేరు చేస్తే చాలు.

పాక్షికంగానే. తూకం వేసేది లోపలి పరిమాణం ఒకేలా ఉన్నవి ఏరడానికి. కానీ బరువులో తేడా అడుగు అంచు దగ్గరి గాడిలోంచి కూడా రావచ్చు, లోపలి పరిమాణంతో దానికి పనిలేదు. నీళ్లు నింపి కొలవడం నయం. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి) వాడుతూ మెడ గోడ మందం చూసుకోవడం ఇంకా నయం.

అపోహ: ట్రిమ్మింగ్ అందం కోసం.

కాదు, మూతిని కాస్త కోసి పొడవు తగ్గించే ఈ పని ముందు భద్రత కోసం. పొడవు పెరిగిన మూతి చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని నొక్కేస్తే పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే పొడవు కొలవాల్సింది సైజ్ చేసిన తర్వాత, ముందు కాదు. ట్రిమ్ చేశాక మూతి లోపలా బయటా పదునైన అంచు తీయండి, లేకపోతే బుల్లెట్ పైపొర గీరుకుంటుంది.