కాంక్రీట్ ఆరి గట్టిపడదు

కొత్తగా పోసిన ఫ్లోర్ చూసి "ఇంకా ఆరలేదు" అంటుంటాం, కానీ కాంక్రీట్ ఆరడం వల్ల గట్టిపడదు, సిమెంట్ నీళ్లతో కలిసి రసాయన చర్య జరిగితేనే గట్టిపడుతుంది, దాన్నే హైడ్రేషన్ అంటారు. అందుకే నీళ్ల అడుగున పోసినా గట్టిపడుతుంది. ఇది బుర్రకెక్కితే మేస్త్రీ చేతిలో పనిముట్లు చాలావరకు నీళ్లని అదుపులో పెట్టడానికే అని తెలుస్తుంది.

100 కిలోల సిమెంట్‌కి 50 లీటర్ల (అంటే 50 కిలోల) నీళ్లు పోస్తే వాటర్ సిమెంట్ రేషియో, అంటే సిమెంట్ బరువుకి నీళ్ల బరువు నిష్పత్తి, 0.5. హైడ్రేషన్‌కి పోగా మిగిలిన నీళ్లు తర్వాత ఆవిరై లోపల సన్నటి రంధ్రాలు వదిలేస్తాయి, బలం అక్కడే పోతుంది. మిక్స్ ఎంత జారుగా ఉందో చూడ్డానికి స్లంప్ కోన్ వాడతారు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న కోన్‌ని మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరని రాడ్‌తో 25 సార్లు పొడిచి, కోన్ నిలువుగా పైకి లాగేసి, ముద్ద ఎంత కిందికి దిగిందో కొలుస్తారు, ఆ దిగినదే స్లంప్. ఇది బలం కొలిచే పరీక్ష కాదు, కానీ ఒకే మిక్స్‌కి స్లంప్ ఉన్నట్టుండి పెరిగిందంటే మాత్రం ఎవరైనా నీళ్లు ఎక్కువ కలిపారేమో అని ముందు అడగాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది బ్లీడింగ్. పొడవాటి పట్టీతో లెవెల్ లాగి, వెంటనే బుల్ ఫ్లోట్ (పొడవాటి కర్రకి బిగించిన వెడల్పాటి చదును పలక) తిప్పాక, బరువైన కంకర, ఇసుక, సిమెంట్ కిందికి దిగుతుంటే నీళ్లు పైకి తేలి మెరుస్తాయి, ఇదే బ్లీడింగ్. అప్పుడు ఆగాలి! తొందరపడి తాపీ తిప్పితే ఆ నీళ్లు పైపొరలోనే కలిసిపోతాయి, కొన్నాళ్లకి పొడి రాలుతుంది, పెచ్చులు లేస్తాయి. పొడి సిమెంట్ చల్లి నీళ్లు పీల్పించడం ఇంకా తప్పు. మెరుపు పోయి, కాలు పెడితే 6 మిల్లీమీటర్ల లోపే ముద్ర పడుతుంటే ఫ్లోట్‌తో రుద్దడం మొదలుపెట్టొచ్చు, నున్నగా చేసే స్టీల్ తాపీ ఆ తర్వాత. ఆరుబయట పేవ్‌మెంట్ అయితే అంత నున్నగా వద్దు, చీపురు గీతలు పెడితే తడిలో కాలు జారదు.

ఇక జాయింట్లు, అంటే స్లాబ్ పైన కావాలని పెట్టే గాడులు. కాంక్రీట్ కుంచించుకుంటుంది, కింద నేల పట్టుకుంటుంది, పగులు వస్తుంది, దాన్ని ఆపలేం గానీ ఎక్కడ రావాలో మనం చెప్పొచ్చు. 10 సెంటీమీటర్ల స్లాబ్‌కి మందంలో పావు వంతు, అంటే 2.5 సెంటీమీటర్ల లోతు గాడి, సుమారు 3 మీటర్లకొకటి. ఆ గాడి అడుగున సన్నటి పగులు కనిపిస్తే కంగారొద్దు, అది అక్కడే రావాలి.