కదలకుండా ఎవరూ నిలబడలేరు

చెప్పులు విడిచి, ఒంటికాలి మీద నిలబడి, మీ పాదాన్ని ఒకసారి చూసుకోండి. చీలమండ ముందు చర్మం కింద తాళ్లలాంటివి లేచి పడుతుంటాయి. బొటనవేలు నేలను అదుముతుంది, వదులుతుంది, మళ్లీ అదుముతుంది. బరువు పాదం లోపలి అంచుకీ బయటి అంచుకీ మధ్య ఊగుతుంటుంది. వీటిలో ఏదీ మీరు కావాలని చేస్తున్నది కాదు. ఇప్పుడు కళ్లు మూసుకోండి, చేతికందేలా గోడ ఉండాలి సుమా. చాలామంది కాసేపటికే రెండో కాలు కింద పెట్టేస్తారు.

రెండు కాళ్ల మీద నిలబడ్డా జరిగేది ఇదే, కాకపోతే కంటికి ఆనదు. మన గురుత్వ కేంద్రం బొడ్డుకు కాస్త కిందుగా, ఎత్తులో దాదాపు 55 శాతం దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా ఒక గీత దించితే అది రెండు పాదాలు, వాటి నడుమ ఉన్న జాగాలో పడాలి. పడినంతసేపూ నిలబడతాం. ఇంత ఎత్తు శరీరానికి ఆ జాగా ఎంత చిన్నదో చూడండి.

ఇంకో పరీక్ష. ముక్కూ కాలివేళ్లూ గోడకు తగిలేలా నిలబడి మడమలు ఎత్తి చూడండి. లేవలేరు. కాళ్లలో సత్తువ లేక కాదు. మునివేళ్ల మీద లేవాలంటే ముందుగా ఒళ్లు రవ్వంత ముందుకు వాలాలి, గోడ దాన్ని వాలనివ్వదు. మామూలుగా ఆ వాలు మనకు తెలియకుండానే జరిగిపోతుంది. చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు భుజం కండరం కంటే ముందే కాలి కండరాలు బిగుసుకుంటాయని సోవియట్ పరిశోధకులు 1967లోనే చూపించారు. చెయ్యి లేస్తే ఒళ్లు ఎటు తూలుతుందో మెదడు ముందే లెక్క కట్టి, దానికి విరుగుడు ముందే పంపుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచింది మాత్రం పిక్క. ఇందాకటి గీత చీలమండ కీలుకు కొన్ని సెంటీమీటర్లు ముందు పడుతుంది. అంటే నిలబడ్డ మనిషి ఎప్పుడూ ముందుకు పడబోతూనే ఉంటాడు, పిక్క కండరం వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఒళ్లు ముందుకు వాలితే ఈ కండరం స్ప్రింగులా సాగి, తిరిగి వెనక్కి లాగేస్తుందని చాలాకాలం అనుకున్నారు. లోరమ్, లేకీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వారి సహచరులు అల్ట్రాసౌండ్‌తో నిలబడ్డవాళ్ల పిక్కల లోపలికి చూశారు. కనబడింది అందుకు తలకిందులు: ఒళ్లు ముందుకు వాలుతుంటే కండరం సాగడం లేదు, కురచవుతోంది. కండరాన్ని మడమకు కట్టి ఉంచే అకిలిస్ టెండాన్ సాగే గుణం ఉన్నది, ఒళ్లు బరువును తనంతట తాను ఆపేంత బిగువు దానికి లేదు. అది సాగిన మేరకు కండరం తనే ముడుచుకుని లాగాలి. ఆ ముడుచుకోవడం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కానీ సెకనుకు రెండు మూడుసార్లు జరుగుతూనే ఉంటుంది. అరచేతిలో చీపురుకట్టను నిలువుగా నిలబెట్టేవాడి చెయ్యి ఎలా ఆడుతుందో, లైనులో నిలబడ్డ మనిషి పిక్క అలా ఆడుతోందన్నమాట.

ఎప్పుడు లాగాలో పిక్కకు చెప్పే వార్త మూడు చోట్ల నుంచి వస్తుంది. లోచెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరుగుడును పసిగడతాయి. అక్కడే ఉన్న సన్నని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు తల వాలును చెబుతాయి. ఇవి చోటు తప్పి నాళంలో పడితే పక్క మీద ఇటు నుంచి అటు తిరిగినా గది గిర్రున తిరుగుతుంది. రెండోది పాదాలు, కీళ్లు, కండరాల నుంచి వచ్చే స్పర్శ. మూడోది చూపు. చూపుకు మనం ఎంత లొంగుతామో 1974లో ప్రచురించిన ఒక ప్రయోగం చెబుతుంది. గది గోడలను కొద్దిగా జరిపితే, అప్పుడప్పుడే నిలబడటం నేర్చిన పిల్లలు తూలారు, కొందరు పడిపోయారు. నేల మాత్రం కదలలేదు.

వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వాళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లకే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు ఒక చిన్న సంగతి నాకెంతో విలువైనదిగా తోస్తుంది: స్థిరంగా ఉన్న దేన్నయినా వేలికొసతో తాకితే చాలు, ఒంటి ఊగుడు తగ్గుతుంది. వంద గ్రాముల బరువు కూడా మోపనక్కర్లేదు. అంత కొంచెం తాకిడి ఒంటిని నిలబెట్టలేదు. ఒళ్లు ఎటు వాలుతోందో వేలు మెదడుకు కబురు పంపుతుంది, అంతే.

మా అమ్మ రాత్రి లేచినప్పుడు నడవలో గోడకు వేళ్లు రాసుకుంటూ వెళ్తుంది. పట్టుకోదు, ఆనుకోదు. అలవాటు అనుకునేవాణ్ణి. ఇది చదివాక, ఆ వరసలో గోడకు చేర్చి ఉన్న బీరువాను అవతలి వైపుకు జరిపించాను.